డాక్టరుగారి నల్ల కారు

వెనక షెడ్డు నుంచి
వానలు మొదలైన వారం

అన్నయ్యా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. జవాబు ఆలస్యమైంది బద్ధకం వల్ల కాదు, గ్రీజు వల్ల. ఏ కాగితం ముట్టుకున్నా నల్లటి వేలిముద్రలు పడుతున్నాయి. లాబ్‌లో పళ్ళ సెట్టుకి మైనం దిద్దుతుంటే మా యజమాని నా గోళ్ళు చూసి, "అమ్మా, అవి ఎవరి నోట్లోకో వెళ్ళే పళ్ళు" అని రెండు చేతులూ జోడించాడు.

సంగతేమిటంటే, నేనొక పాత కారు కొన్నాను. నవ్వకు. నల్లది, గుండ్రటి వీపు, తాబేలులా ఉంటుంది. నడవదు. ఇనుప సామాన్లవాడు ముక్కలు చేసి పట్టుకుపోబోతుంటే అడ్డుపడి, వాడిచ్చే ధరకే తీసుకున్నాను. నలుగురు మనుషులు తోసుకుంటూ తెచ్చి మా రేకుల షెడ్డులో పెట్టారు. వెనక సీట్లో ఎలుకలు కాపురం పెట్టి మనవల్నీ మునిమనవల్నీ చూసుకున్నాయి. మీ బావ పార్సిలాఫీసు నుంచి వచ్చి దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "లోకంలో మొగుళ్ళు పెళ్ళాల మీదికి సవతుల్ని తెస్తారు. నువ్వు నా మీదికి తెచ్చావు, అదీ ముసల్దాన్ని" అన్నాడు. అంటూనే చొక్కా విప్పి ఎలుకగూళ్ళు ఎత్తిపోశాడు.

మా వీధి చివర ఒక ముసలి మెకానిక్ ఉన్నాడు. అందరూ స్పానరు తాత అంటారు. కళ్ళు సరిగా ఆనవు కానీ చెవితో ఇంజను జబ్బు చెప్పేస్తాడు. రోజూ సాయంత్రం వచ్చి స్టూలు వేసుకుని కూర్చుంటాడు. ఆయన చెప్తాడు, నేను విప్పుతాను. "పాత కారు కుక్క లాంటిది కాదమ్మా, పిల్లి లాంటిది. పిలిస్తే రాదు, దానికి బుద్ధి పుట్టాలి" అంటాడు.

నలభై దాటాక ఇదేం సరదా అంటావేమో. చేతులు ఊరుకోవట్లేదు అన్నయ్యా. అంతే.

నీ పిచ్చుక


రోడ్డు క్యాంపు, పన్నెండో కిలోమీటరు

ఒసే పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి నవ్వానంటే మా వంటవాడు గుడారంలోకి తొంగిచూశాడు. బావని అడిగానని చెప్పు. సవతితో సర్దుకుపొమ్మను, వయసులో పెద్దది కదా.

ఇక్కడ వాన వచ్చినప్పుడల్లా పోసిన కంకర పోసినట్టే జారిపోతోంది. రోలర్ నడిపేవాడు అలిగి ఇంటికెళ్ళాడు. నలభై ఎనిమిది కిలోమీటర్ల రోడ్డుకి పన్నెండు దగ్గరే నాకు నెత్తి నెరిసింది.

ఒక్క మాట. నల్లది, గుండ్రటి వీపు అన్నావు. తాత సంగతి రాశావు, ఎలుకల సంగతి రాశావు. ఎవరింట్లో కొన్నావో రాయలేదు. అన్నీ గుర్తుపెట్టుకుని అదొక్కటే మరిచిపోయే రకానివి కాదు నువ్వు.

ఎవరిదే ఆ కారు?

అన్నయ్య


వెనక షెడ్డు

అన్నయ్యా,

దొరికిపోయాను. అవును, అదే. డాక్టరుగారిది. నాన్న డ్రైవరుగా నడిపింది.

నేను వెతుక్కుంటూ వెళ్ళలేదు. డాక్టరుగారికి కొత్త పళ్ళ సెట్టు మా లాబే చేసింది. చిగురు ఒరుసుకుంటోందని కబురొస్తే సరిచెయ్యడానికి వాళ్ళింటికి వెళ్ళాను. మనిషి ఎండిపోయాడు, మాట మాత్రం అదే గద్దింపు. నన్ను గుర్తుపట్టలేదు. నేనూ చెప్పలేదు. పెరటి జాగా అమ్మేస్తున్నామని, షెడ్డు ఖాళీ చేయిస్తున్నామని ఆయనే అన్నాడు. కిటికీలోంచి చూశాను. కారు ఎడమ బుగ్గ నొక్కుకుపోయి, పిండిమిల్లు గోడ సున్నం ఇంకా అంటుకునే ఉంది. ఆ రోజు తోసుకొచ్చి పెట్టినది పెట్టినట్టే ఉంది. ముప్పై రెండేళ్ళు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

నీకెప్పుడూ చెప్పని మాట ఒకటి చెప్తాను. కారు పల్లంలో ఆగకుండా వెళ్ళి గోడకి గుద్దుకుందనీ, డాక్టరుగారి భుజం విరిగిందనీ, నాన్న తాగి నడిపాడనీ ఊరంతా అనుకున్నప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. బళ్ళో నా పక్కన కూర్చునే పిల్ల బెంచీ మారింది. నాన్నని అడిగితే ఔననలేదు, కాదనలేదు. ఆ తర్వాత ఆయన మిల్లు గేటు దగ్గర పని చేసి సాయంత్రం ఇంటికి రాగానే నేను ఎదురెళ్ళి మెడ పట్టుకుని వేలాడేదాన్ని, గుర్తుందా? ముద్దు అనుకునేవాళ్ళు మీరంతా. నేను నోటి వాసన చూసేదాన్ని. ఏ రోజూ ఏమీ లేదు. అయినా మానలేదు. చివరికి ఆస్పత్రిలో ఆఖరి వారం కూడా, ఆయన చేతికిచ్చే ముందు గ్లాసు వాసన చూశాను. ఆయన చూశాడు. చూసి, కళ్ళు అటు తిప్పుకున్నాడు.

ఆరేళ్ళయింది నాన్న పోయి. ఆ చూపు నన్ను కూర్చోనివ్వదు, నిలబడనివ్వదు.

ఆ బ్రేకులు విప్పి చూస్తాను. తప్పు వాటిదైతే ఆయన తాగలేదు. కాకపోతే తాగాడు. ఏదో ఒకటి తేలాలి.

పిచ్చుక


క్యాంపు, పద్దెనిమిదో కిలోమీటరు

చెల్లికి,

క్యాంపు మారింది, నీ ఉత్తరం పాత చోటికి వెళ్ళి తిరిగొచ్చింది.

ఆ కారు అమ్మెయ్. ఇనుప సామాన్లవాణ్ణే పిలువు. మానిన పుండు గోక్కోవడం దేనికి? నాన్న పోయాడు. ఆయనే పట్టించుకోని మాట నీకెందుకు? కార్ల మీద సరదా ఉంటే వేరేది కొనుక్కో, నేనే వచ్చి తోస్తాను.

రాత్రీ పగలూ ఒకే వాన. పని చాలా ఉంది. ఇంతకంటే రాయలేను.

అన్నయ్య


వెనక షెడ్డు

అన్నయ్యా,

నిన్న ఇంజను పలికింది!

నీకు కోపమని తెలుసు. అయినా ఎవరికి చెప్పను? నాలుగు నెలలు. కార్బురేటర్ మూడుసార్లు విప్పి కడిగాను. పెట్రోలు ట్యాంకులోంచి తుప్పు గరిటెలతో తీశాం. ప్లగ్గుల్ని నా లాబ్ బ్రష్షుతోనే తోమాను (యజమానికి చెప్పకు). నిన్న మీ బావ ముందు హ్యాండిల్ తిప్పాడు, నేను లోపల కూర్చున్నాను. ఇరవైసార్లు తిప్పించుకుంది. ఇరవై ఒకటోసారి దగ్గింది, పొగ కక్కింది, షెడ్డు రేకులన్నీ గలగలలాడాయి. మీ బావ మసి మొహంతో ఎగిరి గంతేశాడు. స్పానరు తాత మాత్రం తల వంచి వింటూ, "మూడో సిలిండరు ఇంకా నిద్రలో ఉంది" అన్నాడు.

అన్నయ్యా, దీన్ని నేను సాక్ష్యం కోసం తెచ్చుకున్నాను. విషయం తేలగానే వదిలించుకుందామనుకున్నాను. ఇప్పుడు లాబ్‌లో ఉన్నా మనసు షెడ్డులోనే. తలుపు వేస్తే 'ధప్' మని గట్టి చప్పుడు, బరువైన మనిషి సరే అన్నట్టు. స్టీరింగు మీద ఒకచోట నలుపు అరిగిపోయి లోపలి ఎముక రంగు కనబడుతుంది. అది నాన్న ఎడమ బొటనవేలి చోటు. నేను అక్కడే పట్టుకుంటున్నాను, తెలియకుండానే.

అసలు మాట. బ్రేకులు విప్పాం. బ్రేకు నూనెని తోసే గొట్టంలో చిన్న రబ్బరు గిన్నెలుంటాయి. అవి ఉబ్బి, మెత్తబడి, అంచులు చిరిగి ఉన్నాయి. పాతబడితే రబ్బరు ఎండి పగులుతుంది కానీ ఉబ్బదట. తాత గొట్టం అడుగున మిగిలిన నూనె ఒక చుక్క తీయించి గ్లాసుడు నీళ్ళలో వేయించాడు. తేలింది. "బ్రేకు నూనె అయితే నీళ్ళలో కలవాలి. ఇది వేరే నూనె. దీంట్లో ఎవరో తప్పు నూనె పోశారు. వారం పది రోజుల్లో రబ్బరు ఉబ్బి చస్తుంది. పెడల్ తొక్కితే నేలకి పోతుంది" అన్నాడు.

నాన్న తాగలేదు! ఆ గిన్నెలు సీసాలో వేసి ఆదివారం డాక్టరుగారి దగ్గరికి పట్టుకెళ్తున్నాను.

పిచ్చుక


క్యాంపు, ఇరవై ఏడో కిలోమీటరు

పిచ్చుకా,

ఈ కార్డు నీకు ఆదివారం లోపు అందాలి. డాక్టరు దగ్గరికి వెళ్ళకు. నాన్న తాగలేదని నీకు తెలిసింది, నాకూ తెలుసు. అది చాలదా? అక్కడితో ఆపు. నీకు దణ్ణం పెడతాను.

అన్నయ్య


ఇంటి నుంచి

అన్నయ్యా,

నీ కార్డు సోమవారం వచ్చింది. నేను ఆదివారమే వెళ్ళాను.

నేనెవరి కూతురినో చెప్పగానే డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సీసా చూపించి మొత్తం చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. విని, "అమ్మాయ్, మీ నాన్న తాగాడని నేను కనిపెట్టలేదు. అతనే చెప్పాడు" అన్నాడు.

"ఎవరితో?"

"నాతోనే. భుజానికి కట్టుతో పడుకుని ఉన్నాను. మర్నాడు పొద్దున వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. 'తాగి నడిపానండి, పొరపాటైపోయింది' అన్నాడు. అప్పటిదాకా బ్రేకు సంగతి చూపిద్దామనే అనుకున్నాను. మనిషే ఒప్పుకున్నాక ఇంకేం చూస్తాం? కేసు వద్దని, పనిలోంచి తీసేశాను."

నీళ్ళు తెప్పించాడు. తాగలేకపోయాను.

చుక్క ముట్టని మనిషి తాగానని ఎందుకు చెప్తాడు? వెనక్కి వస్తూ దారంతా అదే. ఎవరినో కాపాడాడు. బ్రేకులు చూడనివ్వకుండా చేశాడు. డాక్టరుగారింట్లో కాపాడదగ్గ మనిషి నాన్నకి ఎవరూ లేరు. ఉంటే మనింట్లోనే ఉండాలి.

నీకు అప్పుడు పదిహేడేళ్ళు. అమ్మెయ్ అన్నావు. వెళ్ళకు అన్నావు. నాన్న తాగలేదని "నాకూ తెలుసు" అని రాశావు. ఎలా తెలుసు?

నువ్వేనా, అన్నయ్యా?


క్యాంపు, ముప్పై ఒకటో కిలోమీటరు

చెల్లికి,

నేనే.

మనింటి ముందు కారు కడిగేరోజు నాన్న లోపలికి వెళ్ళినప్పుడు బానెట్ ఎత్తాను. బ్రేకు నూనె డబ్బా తగ్గినట్టు కనిపించింది. పక్కనే ఇంజను ఆయిల్ డబ్బా ఉంది. ఏ నూనైతే ఏమనుకుని పోశాను. తర్వాత నాన్నతో చెప్పాను. ఆయన తన మీద వేసుకున్నాడు. చెప్పడానికి ఇన్నేళ్ళూ నాకు మొహం చెల్లలేదు.

నీకు నా మీద అసహ్యం వేస్తే నేనేమీ అనుకోను. ఇక కారు నీ ఇష్టం. ఇంక దీని గురించి అడగకు.

అన్నయ్య


ఇంటి నుంచి

అన్నగారికి,

మీ ఉత్తరం అందింది. మూడు రోజులు మిమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. నాలుగో రోజు కొత్త రబ్బర్లు బిగించి, బ్రేకు నూనె పోద్దామని కూర్చున్నాను.

ఈ కారుకి బ్రేకు నూనె డబ్బా బానెట్ కింద ఉండదు.

డ్రైవరు కాళ్ళ కింద ఉంటుంది. పట్టా ఎత్తితే ఇనుప రేకులో అరచేయంత కన్నం. దానిలో చెయ్యి పెట్టి మూత తిప్పాలి. నా చెయ్యే గాజుల దగ్గర ఇరుక్కుంది. నీ చేటంత చేతులు పదిహేడేళ్ళప్పుడు కూడా దానిలో దూరేవి కావు. పైగా తాత ఆ పాత నూనెని వేళ్ళ మధ్య రాసి చూసి, ఇంజను ఆయిలు ఇంత పల్చగా ఉండదన్నాడు. కుట్టుమిషనుకి వేసేది అయ్యుండాలట.

అన్నయ్యా, నేను పెడల్స్ దగ్గర తల పెట్టి, కాళ్ళు బయటికి చాచి పడుకుని ఉన్నాను. మొహానికి పట్టా వాసన కొట్టింది. అలా ఇంతకుముందు పడుకున్నాను నేను. అచ్చంగా అలాగే, నాన్న అక్కడ నూనె పోయడం చూసి. అమ్మ మిషనుకి నూనె వేసే పని నాది. పొడుగు ముక్కు డబ్బా. ఆ ముక్కు కన్నంలోకి సరిగ్గా దూరింది. బుడబుడమని చప్పుడొచ్చింది. నిండిందాకా పోసి, మూత పెట్టి, పట్టా సరిచేశాను. నాన్న రాగానే చెబుదామనుకున్నాను. మెచ్చుకుంటాడని.

చెప్పానో లేదో గుర్తులేదు.

ఇప్పుడైనా నిజం రాయి.


క్యాంపు, ముప్పై ఆరో కిలోమీటరు

పిచ్చుకా,

రాస్తాను.

నువ్వు చెప్పలేదు. డాక్టరుగారి దగ్గర్నుంచి పిలుపొచ్చింది, నాన్న పరుగున వచ్చి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు. నువ్వు డబ్బా పట్టుకుని గేటు దాకా పరిగెత్తావు. నేను వసారాలో పుస్తకం ముందేసుకుని కూర్చుని అంతా చూశాను. నువ్వు పోస్తున్నప్పుడే "ఏయ్" అని ఒక్క కేక వేస్తే సరిపోయేది. బద్ధకించాను. పోస్తే పోసిందిలే అనుకున్నాను. కాబట్టి నేను రాసినది పూర్తిగా అబద్ధం కాదు.

తొమ్మిది రోజుల తర్వాత ఆ గుద్దుడు. నాన్న తలకి కట్టుతో ఇంటికొచ్చి గోడకి ఆనుకుని, "పెడల్ నేలకి పోయింది రా. నూనె నిండుగా ఉంది, మరి ఎందుకు పోయింది?" అని పదిసార్లు అడిగాడు. పదకొండోసారికి నేను చెప్పేశాను. నువ్వు పక్కగదిలో నిద్రపోతున్నావు.

విని నాన్న అన్నాడు: "రేపు వాళ్ళు బ్రేకు విప్పుతారు. నూనె ఎవరు పోశారంటారు. నేను తాగానంటే నాలుగు రోజులు అంటారు. అది పోసిందంటే దాని జన్మంతా అంటారు. మనుషుల సంగతి వదిలెయ్, అది తనని తాను అనుకుంటుంది." నా చెయ్యి తన నెత్తిన పెట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు. పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్ళాడు.

ఆయన వాసన చూస్తున్నావని ఆయనకి తెలుసు. మొదటి నెలలోనే కనిపెట్టాడు. ఒకసారి నేను పట్టలేక, చెప్పేస్తానన్నాను. "వాసన చూడ్డానికైనా మెడకి వేలాడుతోంది కదా, వేలాడనీ" అన్నాడు.

అప్పట్నుంచీ నేను ఇంట్లో వారం ఉంటే ఎక్కువ. క్యాంపు తర్వాత క్యాంపు పట్టుకుని తిరుగుతున్నాను. పని కోసమని అందరూ అనుకుంటారు. నీ మొహం చూస్తే నోరు జారతానని నా భయం. ఇప్పుడు ఒట్టు తప్పాను. తప్పినందుకు బాధగా లేదు. అదే విచిత్రం.

నువ్వెలా ఉన్నావో రాయి. వెంటనే రాయి.

అన్నయ్య


వెనక షెడ్డు

అన్నయ్యా,

రెండు వారాలు రాయలేదు. రాయడానికి కూర్చున్నప్పుడల్లా లేచి షెడ్డులోకి వెళ్ళాను. బంపర్‌ని మొహం కనిపించేదాకా తోమాను. మొహం చూడలేక మళ్ళీ బట్ట కప్పాను. మీ బావ రోజూ వచ్చి పక్కన పట్టా మీద కూర్చున్నాడు. ఒకరోజు, "తొమ్మిదేళ్ళ పిల్ల మీద కేసు పెట్టి నలభయ్యొక్కేళ్ళ దాన్ని జైల్లో వేస్తావా?" అన్నాడు. అప్పుడు ఏడుపొచ్చింది. బాగా ఏడ్చాను.

పిల్లదాన్ని నేను తెలియక పోశాను. అది నాకు అర్థమైంది, మోయగలను. నేను మోయలేనిది ఆ వాసన చూడటం. నాన్న నన్ను కాపాడాడంటున్నావు. నిజమే. కానీ దానికి ఆయన ఇచ్చింది తన పరువు ఒక్కటే కాదు, నన్ను కూడా ఇచ్చేశాడు. ముప్పై ఏళ్ళు నేను ఆయన్ని నమ్మలేదు. నాకు ఇరవై ఏళ్ళు వచ్చాకైనా పక్కన కూర్చోబెట్టుకుని చెప్పి ఉంటే? ఏడ్చేదాన్ని, తర్వాత ఆయన ఒళ్ళో తలపెట్టుకునేదాన్ని. నాకు చెప్పాలా వద్దా అని మీ ఇద్దరూ తేల్చుకున్నారు. నన్ను ఎవరూ అడగలేదు.

డాక్టరుగారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను, ఈసారి కారులోనే. నేనే నడిపాను, పక్కన తాత. బ్రేకు తొక్కిన చోట బొమ్మలా ఆగింది. గేటు ముందు హారన్ కొడితే ఆయన చేతికర్రతో బయటికొచ్చి, కారు చూసి మెట్టు మీదే ఆగిపోయాడు.

"నూనె పోసింది నేనండి. మా నాన్న తాగలేదు. ఆయన జన్మలో తాగలేదు" అన్నాను.

కుడిచేత్తో ఎడమ భుజం తడుముకున్నాడు. "ముప్పై రెండేళ్ళుగా ఈ కథ చెప్తున్నానమ్మా. పెళ్ళిళ్ళలో, క్లబ్బులో. నవ్వించేలా చెప్పేవాణ్ణి కూడా" అన్నాడు.

"అయితే ఎంతమందికి చెప్పారో అంతమందికీ ఇప్పుడు ఇది చెప్పండి."

"వాళ్ళలో సగం మంది పోయారు."

"ఉన్నవాళ్ళకి చెప్పండి."

నన్ను గద్దిస్తాడనుకున్నాను. వచ్చి కారులో ముందు సీట్లో కూర్చుని, "పద, క్లబ్బు దగ్గర్నుంచి మొదలుపెడదాం" అన్నాడు. తాత వెనక సీట్లోకి మారాడు. ఆ సాయంత్రం నాలుగు ఇళ్ళు తిరిగాం. ప్రతి గుమ్మం ముందూ ఆయన కర్ర ఆనించుకుని నిలబడి, నాన్న పేరు చెప్పి, "నేను పొరబడ్డాను" అన్నాడు. ఒక ఇంట్లో ముసలావిడకి చెవుడు. మూడుసార్లు అరిచి చెప్పాడు. వీధంతా వింది. నాకు అదే బాగా నచ్చింది.

కారు అమ్మను. అమ్మెయ్ అని ఇక అనకు.

ఇక నీ సంగతి. నీ మీద నాకు చాలా కోపం ఉంది. నాన్న మీద ఉన్నది కూడా నీకే చేరాలి, ఇంకెవరున్నారు? పోట్లాడదామని ఇప్పటికి నాలుగు ఉత్తరాలు మొదలుపెట్టి చించేశాను. ఉత్తరాల్లో పోట్లాట కుదరదు అన్నయ్యా. నేను తిట్టింది నీకు అందేసరికి వారం, నువ్వు బదులు చెప్పేసరికి ఇంకో వారం. ఈలోపు నాకు నీ మీద జాలి పుట్టుకొస్తోంది. అలా జరగడానికి వీల్లేదు.

అందుకే ఆదివారం తెల్లవారుతూనే కారులో బయలుదేరుతున్నాం, నేనూ మీ బావా. క్యాంపు మార్చకు, ఉన్నచోటే ఉండు. కోపం చల్లారేలోపు నేను చేరాలి.

పిచ్చుక